ఈకల బంతి, గట్టీ బంతి: తొలితరం గోల్ఫ్ ప్రొఫెషనల్ బల్ల మీది పని

1840లలో స్కాట్లాండ్‌లో గోల్ఫ్ ప్రొఫెషనల్ అంటే టోర్నమెంట్లు ఆడి బతికేవాడు కాదు. అప్పటికి ప్రొఫెషనల్స్‌కు టోర్నమెంట్లే లేవు. బంతులు కుట్టి అమ్ముకుంటూ, పెద్దమనుషుల కర్రలు మోస్తూ, వాళ్లకు ఆట నేర్పుతూ, పందెం కుదిరినప్పుడు తానూ ఆడేవాడు. సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన అలన్ రాబర్ట్‌సన్‌ను (1815–1859) మొట్టమొదటి ప్రొఫెషనల్ అని చాలామంది లెక్కేస్తారు. ఆయన తండ్రీ తాతా కూడా బంతులు చేసినవాళ్లే. ఇంటి వంటగదే ఆయన కార్ఖానా. 1840లో ఆ వంటగది నుంచి 1,021 బంతులు బయటికొచ్చాయి. 1841లో 1,392, 1844లో 2,456. ఒక మనిషి రోజంతా కూర్చుంటే మూడు, మహా అయితే నాలుగు బంతులు తయారయ్యే రోజుల్లో ఇవి మామూలు అంకెలు కావు. తర్వాత ఓల్డ్ టామ్‌గా పేరు మోసిన టామ్ మారిస్ (1821–1908) పని నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.

ఆ మనుషుల ఆట ఎందుకలా ఉండేదో తెలియాలంటే వాళ్ల స్కోర్లు చదివితే సరిపోదు. వాళ్ల బంతి ఒకటి చేసి చూడాలి. ఏ దెబ్బ కొట్టవచ్చు, ఏది కొట్టకూడదు అన్నది బంతే తేల్చేది. కింద చెప్పేది రెండు రకాల బంతుల తయారీ. ఒకటి 1848కి ముందు రాజ్యమేలిన ఈకల బంతి (ఫెదరీ), రెండోది దాన్ని కొద్ది ఏళ్లలోనే తుడిచిపెట్టేసిన గట్టపర్చా బంతి (గట్టీ). ఆ తర్వాత కర్ర జోడింపు గురించి కొంత, వాటితో ఆడే తీరు గురించి కొంత.

ఈకల బంతికి కావలసినవి

తోలు. ఆనాడు ఎద్దు తోలో గుర్రం తోలో వాడేవారు. ఇప్పుడైతే చెట్టు బెరడుతో ఊనిన దూడ తోలు, ఒకటిన్నర మిల్లీమీటరు మందం, చాలు. క్రోమ్ పట్టించిన తోలు జోలికి పోవద్దు. అది మెత్తగా, అందంగా ఉంటుంది కానీ తడిసి ఆరాక బిగుసుకోదు. ఈ బంతి గట్టిదనమంతా ఆ బిగువులోనే ఉంది.

ఈకలు. పెద్దబాతు రొమ్ము ఈకలు మేలు, కోడివైనా పనికొస్తాయి. గట్టి కాడ ఉన్న రెక్క ఈకలు వద్దు. కూరేటప్పుడు ఆ కాడలు లోపలి నుంచి కుట్లను పొడుస్తాయి. పాత లెక్క ప్రకారం ఒక బంతికి ఒక టాప్ హ్యాట్ నిండా ఈకలు. టోపీల సైజు మనిషి మనిషికీ మారుతుంది గనుక తూకమే నమ్మండి. ఆ తూకం లెక్క కింద ఉంది.

మైనం పట్టించిన నార దారం, రెండు సూదులు, చెప్పులు కుట్టే ఆర, పటిక, చిన్న సుత్తి, పదో వంతు గ్రాము దాకా చూపే త్రాసు. వీటితోపాటు ఈ పనికే ప్రత్యేకమైనవి రెండు ఉన్నాయి. ఒకటి గుండ్రటి గుంట తొలిచిన చెక్క దిమ్మ, అందులో తొడుగు కదలకుండా కూర్చుంటుంది. రెండోది కూరుడు కమ్మీ. పెన్సిలంత మందం, మొన మొద్దుగా ఉండాలి, రెండో కొసకు అడ్డచెక్క ఉండాలి. ఆ అడ్డచెక్కను రొమ్ముకు ఆనించుకుని ఒంటి బరువంతా మోపి ఈకలను లోపలికి తోసేవారు. చేతి బలం ఒక్కటే దీనికి చాలదు.

కొలతలు

45 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బంతి అనుకుందాం. చుట్టుకొలత 141 మి.మీ. నాలుగు ముక్కల నమూనా గీయడం అన్నిటికన్నా తేలిక. ప్రతి ముక్కా రెండు కొసలా మొనదేలి, నడుమ ఉబ్బి, దోనె ఆకారంలో ఉంటుంది. పొడవు చుట్టుకొలతలో సగం, అంటే 71 మి.మీ. నడుమ వెడల్పు నాలుగో వంతు, అంటే 35 మి.మీ. కుట్టు కోసం చుట్టూ 2 మి.మీ. అదనంగా వదలండి.

ఈ నమూనాకు ఒక లోపం ఉంది. నాలుగు మొనలూ రెండు ధ్రువాల దగ్గర కలుస్తాయి, అక్కడే కుట్లన్నీ పోగుపడతాయి, బంతి పగిలితే ముందు అక్కడే పగులుతుంది. అందుకే పాత పనివాళ్లలో చాలామంది మూడు ముక్కల పద్ధతి పట్టుకున్నారు: నడుముకు ఒక పట్టీ, అటూ ఇటూ రెండు బిళ్లలు. కుట్లు ఒకచోట గుమిగూడవు. కాకపోతే గుండ్రటి బిళ్లకు పట్టీ అంచును ముడతల్లేకుండా సర్దడానికి చేతివాటం కావాలి. మొదటి బంతి నాలుగు ముక్కలతో చేసి, చేయి తిరిగాక మూడు ముక్కలకు వెళ్లండి.

తూకం ఇక్కడే చూసుకోవాలి. ఆనాటి బంతుల మీద చేసినవాడి పేరు ముద్ర, పక్కన ఒక అంకె ఉండేవి. ఆ అంకె డ్రాముల్లో బరువు. ఒక డ్రాము 1.77 గ్రాములు. 26 డ్రాముల బంతి 46 గ్రాములు, 28 డ్రాములది దాదాపు 50. మనం 46 దగ్గర ఉందాం. కత్తిరించిన తోలూ దారమూ కలిపి తూచండి, పై మందానికి 10 గ్రాముల చుట్టూ రావాలి. రంగుకు ఒక గ్రాము తీసేస్తే మిగిలిన 35 గ్రాములూ ఈకలే. ఈకలను ఉడకబెట్టక ముందు, పొడిగా ఉన్నప్పుడే తూచి పక్కన పెట్టుకోండి. తడిశాక తూచి ప్రయోజనం లేదు.

కుట్టడం, తిరగేయడం

లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాల పటిక కరిగించి, తోలు ముక్కలను మెత్తబడే దాకా నాననివ్వండి. తీసి నీరు పిండి, గరుకు వైపు బయటికి వచ్చేలా రెండేసి ముక్కలు పెట్టి కుట్టండి. ఆరతో రంధ్రం చేసి, ఒకే రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా పోవాలి. సెంటీమీటరుకు నాలుగు కుట్లు. ఇంకా దగ్గర దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది కానీ అది పొరపాటు. రంధ్రాలు వరసగా ఒత్తుగా పడితే తోలు ఆ గీత వెంబడే చిరుగుతుంది.

చివరి కుట్టులో రెండు సెంటీమీటర్లు వదిలి, ఆ సందులోంచి తొడుగును తిరగేయండి. కుట్లన్నీ లోపలికి పోతాయి. తిరగేసేటప్పుడు తోలు ఆరినట్టు అనిపిస్తే మళ్లీ ముంచండి, బలవంతం చేస్తే సందు అంచులు చిరుగుతాయి. తిరగేశాక బయటి నుంచి కుట్టుకుంటూ వచ్చి సందును 6 మి.మీ.కు తగ్గించండి. కూరడానికి అంతకు మించి అవసరం లేదు. అంతకన్నా పెద్దదైతే ఆఖర్న మూయలేరు.

కూరడం

ఈకలను నీళ్లలో ఉడికించి మెత్తబరిచి, ధార పోయేంత నీరు లేకుండా పిండండి. తొడుగును దిమ్మ గుంటలో కూర్చోబెట్టి, ముందు చిన్న చిన్న ముద్దలుగా చేత్తోనే తోయండి. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటే: నడిమధ్య ముందు నిండిపోతుంది, గోడల పక్కకు ఇక ఏదీ పోదు. బంతి బయటికి నిండుగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే పక్కల్లో మెత్తటి చోట్లు తగులుతాయి. అందుకని మొదటి నుంచీ కమ్మీని వాలుగా పట్టి, ఎదుటి గోడకేసి తోసి, నాలుగైదు ముద్దలకు ఒకసారి తొడుగును తిప్పుతూ ఉండండి. గోడలు నిండాకే నడిమధ్య.

సగం ఈకలు సులువుగానే పోతాయి. తర్వాతి సగానికే రొమ్ముకు ఆనించే అడ్డచెక్క. ఆఖరి నాలుగైదు గ్రాములకు లావు కమ్మీ కూడా పనికిరాదు, సన్నటి ఆరతో పోగులు పోగులుగా గుచ్చాలి. ఇక చాలు అనిపించిన చోట ఇంకా అయిదారు గ్రాములు మిగిలే ఉంటాయి. అవి కూడా పోవాల్సిందే. మొదటి బంతికి రెండు మూడు గంటలు పట్టినా కంగారు పడకండి. ఎండిన ఈకలు చీరేటప్పుడు, తూచేటప్పుడు లేచే నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముక్కుకూ నోటికీ మాస్కు తప్పనిసరి.

సందును రెండు మూడు కుట్లతో మూసి, ముడిని ఆరతో లోపలికి తోసేయండి. ఇప్పుడు బంతి తడిగా, కాస్త వంకరగా, బొప్పి కట్టినట్టు ఉంటుంది. సుత్తితో పైపైన తడుతూ చెక్క మీద దొర్లించండి. తర్వాత నీడన, గాలి ఆడేచోట మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. ఈ బంతి కిటుకంతా ఈ ఆరడంలో ఉంది. తోలు ఆరుతూ ముడుచుకుంటుంది, లోపల ఈకలు ఆరుతూ ఉబ్బుతాయి. రెండూ ఒకదానికొకటి ఎదురు తన్నుకుని బంతి చెక్కలా గట్టిపడుతుంది. తొందరపడి పొయ్యి పక్కన పెడితే పైతోలు ముందే బిర్రబిగిసి పగుళ్లిస్తుంది, లోపల తడి అలాగే ఉండి కుళ్లు వాసన వస్తుంది. రోజుకు రెండుసార్లు తీసి మళ్లీ సుత్తితో తట్టి గుండ్రం చేయండి. మూడో రోజు దాటాక ఇక ఆకారం మారదు.

ఆనాడు సీసం కలిసిన తెల్లరంగు వేసేవారు. అది విషం, వద్దు. టైటానియం తెల్ల ఎనామిల్ పలుచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. ఇక్కడ రంగు పని అందం కాదు, కుట్లలోకి నీరు దిగకుండా అడ్డుకోవడం. కుట్టు గీతల మీద కుంచెను అడ్డంగా ఆడిస్తే రంగు రంధ్రాల్లోకి దిగుతుంది.

ఇంత చేసినా అది సుకుమారమైన వస్తువే. తడిగడ్డిలో ఆడితే నీరు పీల్చి బరువెక్కుతుంది, దారం మెత్తబడి కుట్టు విడిపోతుంది. ఇనుప కర్ర అంచు ఒక్కసారి తగిలితే తోలు కోసుకుపోతుంది. మామూలుగా మంచి దెబ్బకు 150 నుంచి 175 గజాలు పోయేది. 1836లో సెయింట్ ఆండ్రూస్‌లో శామ్యూల్ మెస్యూ కొట్టిన దెబ్బ 361 గజాలు పోయిందంటే వెనక గాలి, కింద మంచుకు గడ్డకట్టిన నేల కూడా దానికి తోడయ్యాయి. ఆ అంకె చూసి మీ బంతిని తప్పుపట్టకండి.

గట్టీ ఎందుకు గెలిచింది

1848లో గట్టపర్చా బంతి వచ్చింది. మలయా ప్రాంతపు పాలాక్వియం గట్టా చెట్టు పాలు గడ్డకడితే వచ్చే పదార్థం గట్టపర్చా. వేడినీళ్లలో ముద్దవుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. గంటల తరబడి కూరే పని నిమిషాల్లోకి దిగింది. ధర షిల్లింగు. ఈకల బంతికి అంతకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పైగా చితికిన గట్టీని మళ్లీ కరిగించి కొత్తది చేసుకోవచ్చు.

రాబర్ట్‌సన్‌కు ఇది కూటికి ఎసరు పెట్టే వస్తువు. పొదల్లో దొరికిన గట్టీలను పిల్లల దగ్గర కొని మరీ నిప్పుల్లో వేసేవాడు. టామ్ చేత గట్టీతో ఆడనని మాట తీసుకున్నాడు. ఒక రోజు ఆటలో టామ్ దగ్గర బంతులు అయిపోయి ఎవరో ఇచ్చిన గట్టీతో ఆడటం, అది అలన్ కంటబడటం, మాటా మాటా పెరిగి ఇద్దరూ విడిపోవడం జరిగాయి. టామ్ సొంతంగా దుకాణం పెట్టుకుని, 1851లో ప్రెస్ట్‌విక్ మైదానాన్ని చూసుకునే పనికి వెళ్లాడు. ఆ ప్రెస్ట్‌విక్‌లోనే 1860 అక్టోబర్ 17న ఓపెన్ అనే గోల్ఫ్ చాంపియన్‌షిప్ మొదటిసారి జరిగింది. పన్నెండు గుంతల మైదానాన్ని ఒకే రోజున మూడుసార్లు చుట్టిన ఎనిమిది మందిలో విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు, టామ్ 176తో రెండో స్థానంలో నిలిచాడు. గెలిచినవాడికి ఎర్ర తోలు బెల్టు ఒక ఏడాది ఉంచుకోవడానికి, అంతే, డబ్బు లేదు. ఓపెన్ విజేత చేతికి మొదటిసారి డబ్బు వచ్చింది 1864లో, ఆరు పౌన్లు. అందుకున్నది టామే. ఆరు పౌన్లకు ఎన్ని బంతులు అమ్మాలో లెక్క వేస్తే (షిల్లింగు చొప్పున 120) దుకాణం బల్ల విలువ తెలుస్తుంది.

గట్టీ తయారీ

ముందు పదార్థం. పళ్ల వైద్యంలో వాడే గట్టపర్చా పుల్లలు కొనకండి. వాటిలో జింక్ ఆక్సైడ్ పాలే ఎక్కువ. బరువెక్కువ, పెళుసు. స్వచ్ఛమైన గట్టపర్చా నీటికన్నా కొద్దిగా తేలిక, సాంద్రత 0.97 దగ్గర. కొన్న ముక్కను నీళ్లలో వేస్తే మునిగీ మునగనట్టు తేలాలి. అడుగుకు పోతే అందులో ఏదో కలిసింది. 46 గ్రాముల స్వచ్ఛమైన గట్టపర్చా 45 మి.మీ. వ్యాసం ఉన్న బంతి అవుతుంది. అచ్చు చేయించుకునేవాళ్లు ఈ కొలత గుర్తుంచుకోండి.

చేత్తో చేసే పద్ధతి ఇది. 46 గ్రాములు తూచి, వేలెడేసి పట్టీలుగా కోసి, 75–80 డిగ్రీల నీళ్లలో వేయండి. తెర్లే నీళ్లు వద్దు, పైపొర జిగురై వేళ్లకు పట్టుకుంటుంది. ఏడెనిమిది నిమిషాలకు ముద్ద లోపలి దాకా మెత్తబడుతుంది. మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, వాటిని తడిపి, ముద్దను మడిచి నొక్కి, మళ్లీ మడిచి నొక్కుతూ పదిహేను ఇరవై సార్లు పిసకండి. లోపలి గాలి బుడగలు పోవడానికే ఇదంతా. ఒక మడత సరిగ్గా కలవకుండా మిగిలితే బంతి ఎప్పటికైనా ఆ గీత వెంబడే రెండు చెక్కలవుతుంది. ముద్ద చల్లబడే లోపు పని అవ్వదు, మధ్యలో ఒకటి రెండుసార్లు వేడినీళ్లలో ముంచక తప్పదు.

తర్వాత రెండు అరచేతుల మధ్య, లడ్డూ చుట్టినట్టు కాకుండా, ఒత్తిడి దాదాపు లేకుండా వేగంగా దొర్లించండి. గట్టిగా నొక్కితే ధ్రువాలు చదునవుతాయి. గుండ్రం కుదరగానే చల్లటి నీళ్లలో వేయండి. ఇక్కడ చాలామంది వదిలేసి వెళ్లిపోతారు. బంతి తేలుతుంది గనుక పైకి కనిపించే భాగం గాలిలో మెల్లగా, మునిగిన భాగం నీళ్లలో త్వరగా చల్లారుతాయి. ముడుచుకునే తీరు మారి బంతి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పైభాగం గట్టిపడే దాకా, కనీసం పది నిమిషాలు, వేళ్లతో తిప్పుతూనే ఉండండి.

అచ్చుతో చేస్తే గుండ్రం బాగా వస్తుంది కానీ ఇంకో తలనొప్పి ఉంది. చల్లారేటప్పుడు పదార్థం ముడుచుకుని లోపల బోలు ఏర్పడుతుంది. ఒక గ్రాము అదనంగా వేసి, అచ్చు బిగించి, చల్లారుతున్నంతసేపూ మర బిగిస్తూ పోవాలి. నడుము చుట్టూ బయటికి పొంగిన అంచును కత్తితో తీసేయండి. 1870ల తర్వాత దుకాణాలు ఎక్కువగా అచ్చులకే మళ్లాయి.

గాట్లు

మొదట్లో గట్టీలు నున్నగా ఉండేవి. కొట్టగానే కొంచెం లేచి, ఉన్నట్టుండి నేలకు దిగిపోయేవి. నాలుగు దెబ్బలు తిని గాట్లు పడ్డ పాత బంతి కొత్తదానికన్నా బాగా ఎగురుతోందని ఆటగాళ్లే కనిపెట్టారు. నున్నటి బంతి వెనక గాలి ముందే విడిపోయి పెద్ద సుడి పడుతుంది, అది బంతిని వెనక్కి లాగుతుంది. గాట్లు ఉపరితలం దగ్గర గాలిని కలతపెడితే అది బంతిని ఇంకాస్త దూరం అంటిపెట్టుకుని ఉంటుంది, సుడి చిన్నదవుతుంది. ఈ కారణం వాళ్లకు తెలియదు, ఫలితం తెలుసు, అది చాలింది. దుకాణాల్లోనే ఉలిమొన సుత్తితో గాట్లు పెట్టడం మొదలైంది.

బంతిని చెక్క గుంటలో కూర్చోబెట్టండి. ఉలిలా పలుచబడిన సుత్తి మొనతో మిల్లీమీటరు లోతు గాట్లు, నడుము చుట్టూ ఒక వరస, దానికి సమాంతరంగా అటూ ఇటూ వరసలు, తర్వాత వాటికి అడ్డంగా. గాటుకూ గాటుకూ మధ్య 4–5 మి.మీ. వరసలు వంకరపోయినా ఫర్వాలేదు, ఒక వైపు వదిలేయడం మాత్రం కుదరదు. సగం నున్నగా, సగం గరుకుగా ఉన్న బంతి ఎటు తిరుగుతుందో చెప్పలేం. లోతు ఎక్కువైతే మరో చిక్కు: గాటు అడుగునే పగులు మొదలవుతుంది.

ఇప్పుడు ఓపిక కావాలి. కొత్త గట్టీని వెంటనే ఆడకూడదు. నెలల తరబడి, మంచి దుకాణాల్లో ఆరు నెలల దాకా, మాగబెట్టేవారు. చీకటిగా, చల్లగా ఉండే చోట పెట్టండి. ఎండా వెలుతురూ తగిలితే గట్టపర్చా పెళుసెక్కి పొడి రాలుతుంది. మాగిన తర్వాతే రంగు. అరచేతుల్లో కాస్త రంగు వేసుకుని బంతిని దొర్లించడం పాత పద్ధతి, కుంచె కన్నా నయం, ఎందుకంటే గాట్లలో రంగు పేరుకుపోయి పూడిపోదు. పలుచగా రెండు పూతలు చాలు. మంచు మీద ఆడటానికి ఎర్ర రంగు వేసేవారు.

కర్ర సంగతి

గట్టీ రాకతో కర్రలూ మారాయి. ఈకల బంతికి సరిపోయిన ముళ్లచెట్టు చేవ తలలు ఈ గట్టి బంతి దెబ్బకు బీటలు వారాయి. బీచ్ చెక్క తలలు, ముఖాన తోలు ముక్క అతకడం మామూలయ్యాయి. పిడికర్ర మొదట యాష్, తర్వాత అమెరికా నుంచి వచ్చిన హికరీ.

తలనూ కర్రనూ రంధ్రం చేసి గుచ్చేవారు కాదు. రెండింటినీ ఏటవాలుగా, 12 సెంటీమీటర్లు తక్కువ కాకుండా, చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి అతికేవారు. రెండు చదునులూ వెలుతురుకు ఎత్తి చూస్తే సందు కనిపించకూడదు. సందుంటే ఎంత జిగురు పోసినా నిలవదు. వేడి సరేసు రెండు వైపులా రాసి, బిగించి, ఒక రోజు ఉంచి, పైన తారు పట్టిన దారం చుట్టండి. చుట్టు మొదలుపెట్టే ముందు దారపు కొసను మడిచి ఉంగరంలా జోడింపు మీద పెట్టుకోవాలి, దాని మీదుగా ఒత్తుగా చుట్టుకుంటూ వెళ్లి, రెండో కొసను ఆ ఉంగరంలో దూర్చి, మొదటి కొస పట్టి లాగితే ఉంగరం చుట్ల కిందకి పోతుంది. ముడి అవసరం లేదు. చుట్టు వదులైతే సరేసు ఒక్కటే దెబ్బ తట్టుకోలేదు, తల ఎగిరి బంతి వెనకే పోతుంది.

తల వెనక గుంటలో కరిగిన సీసం పోసేవారు, అడుగు అంచుకు పొట్టేలు కొమ్ము ముక్కను మూడు చెక్క సీలలతో బిగించేవారు. సీసం పొగ ఇంట్లో పీల్చే పని కాదు. సీసం గుళ్లను ఎపాక్సీలో కలిపి గుంట నింపితే ఆ బెడద ఉండదు, బరువు మాత్రం కొంత తగ్గుతుంది. పట్టు కోసం ఉన్ని గుడ్డ పట్టీ చుట్టి, దాని మీద గొర్రె తోలు. ఇప్పటి పట్టుకన్నా బాగా లావుగా రావాలి, అరచేత్తో పట్టుకునే ఆట కదా.

వీటితో ఆడేటప్పుడు

మొదటి దెబ్బకు బంతిని ఎత్తి నిలబెట్టే టీ పుల్లలు అప్పట్లో లేవు. పిడికెడు తడి ఇసుక తీసుకుని, బొటనవేలూ రెండు వేళ్లతో చిన్న దిబ్బ చేసి, దాని నెత్తిన బంతి. ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లు దాటకూడదు.

హికరీ కర్ర దెబ్బలో మెలి తిరుగుతుంది. చేతులు ముందుగా విసిరితే తల వెనకే ఉండిపోయి బంతి కుడికి పోతుంది. అందుకే వాళ్ల ఊపు పొడవుగా, చదునుగా, తొందర లేకుండా ఉండేది. బలం పెంచకుండా నిదానంగా ఊపితే దూరం తగ్గకపోగా పెరుగుతుంది, రెండు మూడు దెబ్బలకే తెలిసిపోతుంది.

ఈకల బంతితో ఆడుతుంటే ఇనుప కర్రను బండి చాళ్లలో, రాళ్లలో చిక్కుకున్నప్పుడు తప్ప తీయకండి. స్పూన్ అనే వాలు ముఖపు చెక్క కర్రలు అందుకే ఉన్నాయి. గట్టీతో ఆ భయం లేదు. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే పొట్టి పచ్చిక) దగ్గర బంతిని గాల్లోకి లేపే పని మానేసి క్లీక్ అనే సన్నటి ఇనుప కర్రతో నేల మీద దొర్లించి పంపడంలో రాబర్ట్‌సన్ చేయి తిరిగినవాడు. 1858లో సెయింట్ ఆండ్రూస్‌ను 79 దెబ్బల్లో ముగించి, అక్కడ 80 లోపు చేసిన మొదటి మనిషి అయ్యాడు. మీరూ దొర్లించడమే మొదలుపెట్టండి. గట్టపర్చాకు ఇప్పటి బంతిలా గ్రీన్ మీద పడి ఆగే గుణం లేదు. గ్రీన్‌కు పదిహేను ఇరవై గజాల ముందే నేల తగిలేలా చూసుకోవాలి.

చలి రోజున గట్టీ పగిలితే కంగారు వద్దు, ఆనాటి నియమం ఉంది: అన్నిటికన్నా పెద్ద ముక్క ఎక్కడ పడిందో అక్కడ వేరే బంతి పెట్టి ఆడాలి. చిన్న ముక్కలు కూడా వెతికి జేబులో వేసుకోండి. కరిగించే ముందు వాటి మీది రంగంతా కత్తితో గీకేయాలి. రంగు పెచ్చు ఒక్కటి ముద్దలో కలిసినా అక్కడ గట్టపర్చా అతుక్కోదు, కొత్త బంతి మళ్లీ అక్కడే పగులుతుంది. గీకాక తూచి, 46కు ఎంత తగ్గిందో అంత కొత్తది కలిపి, వేడినీళ్ల దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.